చెల్లెలి వాటా

అన్నల పేర్లతోనే చరిత్రకెక్కిన ఇద్దరు మహిళల జీవితాలు ఉపఖండాన్ని ఒక ప్రశ్న అడుగుతాయి: ప్రేమించిన చెల్లెలిని లెక్కలోకి తీసుకున్నామా?

తెలుగు సినిమా కన్నీళ్లలో పెద్ద వాటా చెల్లెలిదే. 1962లో వచ్చిన రక్త సంబంధంలో ఎన్టీ రామారావు, సావిత్రి అన్నాచెల్లెళ్లుగా నటించి ప్రేక్షకుల చేత కంట తడి పెట్టించారు. ఆనాటి నుంచి మన తెర మీద చెల్లెలి కోసం ప్రాణమిచ్చే అన్నలకు కొదవ లేదు. వాళ్లు ఆమెకు పెళ్లి చేస్తారు, ఆమె కాపురం నిలబెడతారు, ఆమెను ఏడిపించిన వాళ్ల పని పడతారు. ఇన్ని చేసే అన్నకు సాధారణంగా ఒక్క పని మాత్రం తోచదు. నీకేం కావాలమ్మా అని ఆమెనే అడగడం.

తెర బయట కూడా చెల్లెలి జ్ఞాపకం దాదాపు అదే అచ్చులో పడుతుంది. ఆమె పోయాక ఇంట్లో వాళ్లు చెప్పుకునే మాటలు గమనిస్తే తెలుస్తుంది. అన్నదమ్ములంటే ప్రాణం పెట్టేది, పండక్కి రాకపోతే అలిగేది, ఎవరికి జ్వరమొచ్చినా రాత్రంతా మేలుకునేది. అన్నీ నిజాలే. అయితే అందులో ఉన్నదంతా ఇతరులకు ఆమె ఏమైందన్నదే. తనకు తాను ఏమిటన్నది ఆ మాటల్లో దొరకదు. మామూలు ఇళ్లలో అయితే ఈ లోటు ఎవరి కంటా పడకుండా ఆ కుటుంబంతోనే ముగిసిపోతుంది. చరిత్రకెక్కిన ఇళ్లలో మాత్రం దాచినా దాగదు. అందుకు ఇద్దరి జీవితాలు సాక్ష్యం. ఒకరు జవహర్‌లాల్ నెహ్రూ చెల్లెలు విజయలక్ష్మీ పండిట్. మరొకరు మహమ్మద్ అలీ జిన్నా చెల్లెలు ఫాతిమా జిన్నా.

ఒకే కాలంలో పుట్టి, ఒకే దేశంలో పెరిగి, 1947 తర్వాత రెండు దేశాలకు చెందిన ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడటం అరుదు. సరిహద్దుకు అటు వాళ్లకు ఈమె, ఇటు వాళ్లకు ఆమె పరాయి మనిషి. కానీ చెల్లెలి జీవితాన్ని తూచే మూడు తూనికరాళ్లు ఇద్దరికీ ఒకటే. చదువులో వాటా, ఆస్తిలో వాటా, మాటలో వాటా.

మొదట చదువు. నెహ్రూ 1889లో పుడితే స్వరూప్ కుమారి 1900లో పుట్టారు. అలహాబాద్ ఆనంద భవన్‌లో డబ్బుకు గానీ పుస్తకాలకు గానీ కొరత లేదు. అన్న 1905లో ఇంగ్లండ్‌లోని హారో స్కూలుకు, ఆ తర్వాత కేంబ్రిడ్జికి, అక్కడి నుంచి లండన్‌లో బారిస్టరు చదువుకు వెళ్లారు. చెల్లెలు బడి గడప తొక్కలేదు. ఇంగ్లిషు గవర్నెస్ ఇంటి దగ్గరే పాఠాలు చెప్పారు. మోతీలాల్ నెహ్రూ అంతటి ఆధునికుడి ఇంట్లోనూ కొడుకు చదువుకు సముద్రాలు దాటాలి, కూతురి చదువుకు వరండా దాటనక్కర్లేదు. 1921లో రంజిత్ సీతారామ్ పండిట్‌తో పెళ్లయ్యాక అత్తింటి ఆచారం ప్రకారం ఆమె పేరు కూడా మారిపోయింది. ప్రపంచానికి తెలిసిన విజయలక్ష్మి అలా పుట్టిన పేరు.

జిన్నా ఇంట్లో కథ వేరుగా నడిచింది. అన్నాచెల్లెళ్ల మధ్య దాదాపు 17 ఏళ్ల తేడా. తండ్రి పోయాక ఫాతిమా బాధ్యత అన్నదే అయింది. 1902లో ఆయన ఆమెను బొంబాయిలోని బాంద్రా కాన్వెంట్‌లో చేర్చారు. ముస్లిం ఆడపిల్లను క్రైస్తవ సన్యాసినుల బడికి పంపడమేమిటని బంధువులు నసిగినా ఆయన వినలేదు. తర్వాత ఆమె కలకత్తాలో దంతవైద్యం చదివి 1923లో బొంబాయిలో సొంత క్లినిక్ తెరిచారు. ఆ రోజుల్లో ఒంటరి మహిళ డాక్టరుగా బోర్డు కట్టడమంటే మాటలు కాదు.

ఆ బోర్డు ఆరేళ్లే నిలిచింది. 1929 ఫిబ్రవరిలో జిన్నా భార్య రత్తీ చనిపోయారు. ఫాతిమా క్లినిక్ మూసేసి అన్న ఇంటికి మారిపోయారు. అప్పటి నుంచి 1948 సెప్టెంబరు 11న ఆయన కన్నుమూసే వరకు, 19 ఏళ్లపాటు, ఆ ఇల్లే ఆమె లోకం. పాకిస్థాన్ పాఠ్య పుస్తకాలు ఆ 19 ఏళ్లను త్యాగం అంటాయి. అది త్యాగమే. కానీ ఆ మాట వాడినప్పుడల్లా వదులుకున్నదేమిటో కూడా చెప్పాలి. ఒక డాక్టరు తన వృత్తిని వదులుకున్నారు. త్యాగాన్ని పొగిడి, త్యాగం చేసిన వస్తువును మరిచిపోవడం చెల్లెళ్ల విషయంలో మనకు బాగా అలవాటు.

రెండోది ఆస్తి. ఇక్కడ విధి ఇద్దరి జాతకాలనూ తారుమారు చేసింది. జిన్నా 1939లో రాసిన వీలునామాలో బొంబాయి మలబార్ హిల్‌లోని తన బంగళాను చెల్లెలికే రాశారు. చెల్లెలికి ఇల్లు రాసే అన్నలు ఉపఖండంలో ఈనాటికీ ఎంతమందో ఎవరికి వారు లెక్క వేసుకోవచ్చు. కానీ 1947 ఆగస్టులో అన్నతోపాటు కరాచీ వెళ్లిన ఫాతిమా ఆ ఇంట్లో మళ్లీ కాపురం ఉండలేదు. విభజన గీత ఆ వీలునామా మీదుగా కూడా పోయింది.

నెహ్రూ చెల్లెలి కథ ఇంకా చేదు. రంజిత్ పండిట్ పేరున్న న్యాయవాది, సంస్కృత పండితుడు. కల్హణుడి రాజతరంగిణిని ఇంగ్లిషులోకి అనువదించారు. స్వాతంత్ర్యోద్యమంలో జైలు జీవితం ఆరోగ్యాన్ని పిండేయగా 1944 జనవరి 14న చనిపోయారు. అప్పటికి నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో ఖైదీ. చెల్లెలి పక్కన నిలబడే వీలు లేదు, ఓదార్పు ఉత్తరాల్లోనే. రంజిత్ వీలునామా రాయలేదు. ఆ దంపతులకు ముగ్గురూ ఆడపిల్లలే. కొడుకు లేని హిందూ వితంతువుకు ఆనాటి చట్టంలో ఉన్న విలువ ఎంతో విజయలక్ష్మికి అప్పుడు తెలిసింది. భర్త సోదరుడు ఆస్తిపై హక్కు తనదన్నారు. యునైటెడ్ ప్రావిన్సెస్‌లో 1937లోనే మంత్రిగా పనిచేసిన మహిళ, స్వాతంత్ర్యం కోసం మూడుసార్లు జైలుకెళ్లిన మహిళ, భర్త పోయిన మరునాటి నుంచి పిల్లలను ఎలా పోషించాలా అని ఆలోచించాల్సి వచ్చింది.

ఆ ఏడాది చివర్లో ఆమె అమెరికా వెళ్లి ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. 1945లో ఐక్యరాజ్య సమితి ఏర్పాటు సభ శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగినప్పుడు, బ్రిటిష్ ప్రభుత్వం పంపిన అధికారిక బృందం లోపల కూర్చుంటే, ఆమె బయట నిలబడి స్వతంత్ర భారత వాణిని వినిపించారు. మరుసటి ఏడాది అదే సమితికి భారత బృందం నాయకురాలిగా వెళ్లి, దక్షిణాఫ్రికాలోని భారతీయుల పట్ల వివక్షపై తీర్మానాన్ని మూడింట రెండొంతుల ఆధిక్యంతో గెలిపించారు. నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లిన ఉత్తరాంధ్ర తెలుగువాళ్ల పిల్లలు, మనవలు కూడా ఆ భారతీయుల్లో ఉన్నారు. తర్వాత మాస్కో, వాషింగ్టన్, లండన్‌లలో రాయబార పదవులు. 1953లో ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభకు అధ్యక్షురాలైన తొలి మహిళ ఆమే. బడికి పోని ఆడపిల్ల ప్రపంచ సభకు పెద్ద అయ్యారు.

ప్రధాని చెల్లెలు కాబట్టే ఇవన్నీ వచ్చాయన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందులో సగం నిజం లేకపోలేదు. నెహ్రూ ఇంటి పేరు తెరిచిన తలుపులు చాలానే. మిగతా సగం మాత్రం ఆ విమర్శ చెప్పదు. 1946లో ఓట్లు వేసిన దేశాలు నెహ్రూ చెల్లెలికి కట్నంగా వేయలేదు. అన్న పేరు ఆమెను గది దాకా తీసుకెళ్లింది. గదిలో మాట్లాడింది ఆమే.

అసలు పరీక్ష మూడోది. మాటలో వాటా. అన్న బతికున్నంత కాలం చెల్లెలి మాటకు విలువ ఉంటుంది, అన్న మాటతో అది కలిసినంత మేరకు. అన్న పోయాక, ఆయన పేరు మీద ఇతరులు రాజ్యం చేస్తున్నప్పుడు ఆమె నోరు విప్పితే ఏమవుతుంది? సరిహద్దుకు రెండు వైపులా ఈ ప్రశ్నకు జవాబు దొరికింది.

ఫాతిమాకు త్వరగానే దొరికింది. జిన్నా చివరి రోజు ఆమె కళ్ల ముందే గడిచింది. జియారత్, క్వెట్టాల నుంచి కరాచీ విమానాశ్రయానికి తీసుకొచ్చిన రోగిని ఎక్కించుకున్న అంబులెన్స్ దారిలో చెడిపోయింది. మరో వాహనం వచ్చేదాకా దేశ స్థాపకుడు ఉక్కపోతలో రోడ్డు పక్కన స్ట్రెచర్ మీదే ఉన్నారు. చెల్లెలు, నర్సు వంతులవారీగా విసురుతూ కూర్చున్నారు. ఇలాంటివి చూసిన మనిషి మాట్లాడితే పాలకులకు ఇబ్బందే. 1951లో జిన్నా వర్ధంతి నాడు ఆమె రేడియో ప్రసంగం కొన్ని చోట్ల ఉన్నట్టుండి వినిపించకుండా పోయింది. సాంకేతిక లోపమని సంజాయిషీ ఇచ్చారు గానీ నమ్మినవారు తక్కువ. 1950ల్లో ఆమె అన్న గురించి నా సోదరుడు అనే పుస్తకం రాయడం మొదలుపెట్టారు. ఆ అసంపూర్ణ రాతప్రతి అచ్చయింది 1987లో, ఆమె పోయిన 20 ఏళ్లకు. అప్పుడు కూడా తొలి ప్రధాని లియాకత్ అలీ ఖాన్ ప్రస్తావన ఉన్న కొన్ని భాగాలు తీసేశారు. అన్నను తలుచుకునే హక్కు చెల్లెలికి ఉంది, కానీ ఏం తలుచుకోవాలో ప్రభుత్వం చెబుతుంది.

అయినా ఆమె ఊరుకోలేదు. 1965 జనవరి 2న జరిగిన అధ్యక్ష ఎన్నికలో 71 ఏళ్ల వయసులో సైనిక పాలకుడు అయూబ్ ఖాన్‌పై పోటీకి దిగారు. విపక్షాలన్నీ ఆమె వెనక నిలబడ్డాయి. తూర్పు పాకిస్థాన్‌లో షేక్ ముజిబుర్ రహమాన్ ఆమె కోసం ప్రచారం చేశారు. మహిళ దేశాధినేత కావచ్చునా అన్న చర్చ లేచింది. కూడదని అయూబ్ వర్గం మతపెద్దలతో చెప్పించింది. అసాధారణ పరిస్థితుల్లో ఫరవాలేదని జమాతే ఇస్లామీ సమర్థించింది. జాతి మాత అని బిరుదిచ్చి చేతులు జోడించిన వాళ్లే ఆమె ఓటడిగితే వెనకాడారు. తల్లిగా, చెల్లిగా ఎంత ఎత్తులో కూర్చోబెట్టడానికైనా సిద్ధమే, ఆ కుర్చీ మాత్రం అడగకూడదు. ఓటర్లు ప్రజలు కారు. 80 వేల మంది స్థానిక ప్రతినిధులతో కూడిన ఎలక్టోరల్ కాలేజీ. అధికార యంత్రాంగానికి చెప్పుచేతల్లో పెట్టుకోవడం సులువు. అంతటి పరిమితుల్లోనూ ఆమెకు సుమారు 36 శాతం ఓట్లు వచ్చాయి. కరాచీ, ఢాకా నగరాల్లో ఆమెదే పైచేయి. రెండున్నరేళ్ల తర్వాత, 1967 జులై 9న ఆమె మరణించారు. అన్న సమాధి ఆవరణలోనే ఖననం చేశారు. అక్కడ కూడా చెల్లెలిగానే.

విజయలక్ష్మికి ఆ పరీక్ష సొంత ఇంట్లోనే ఎదురైంది. 1964లో నెహ్రూ పోయాక ఆయన నియోజకవర్గం ఫూల్పూర్ నుంచి ఆమె లోక్‌సభకు ఎన్నికయ్యారు. అన్న కూతురు ప్రధాని అయ్యాక ఆమెకు ఢిల్లీలో చోటు కుంచించుకుపోయింది. 1968లో రాజీనామా చేసి తర్వాత డెహ్రాడూన్‌లో స్థిరపడ్డారు. అక్కడితో కథ ముగిసిందనే అంతా అనుకున్నారు. 1975 జూన్‌లో ఎమర్జెన్సీ వచ్చింది. 1977 ఎన్నికలు ప్రకటించగానే 76 ఏళ్ల మేనత్త మౌనం వీడి, మేనకోడలి ప్రభుత్వానికి వ్యతిరేకంగా ప్రచారానికి దిగారు. ఇందిరా గాంధీని విమర్శించిన నాయకులు ఎందరో ఉన్నారు. కానీ తన అన్న కట్టిన ప్రజాస్వామ్యం ఇది కాదని చెప్పగల మనిషి దేశంలో ఆమె ఒక్కరే. అది నెహ్రూ వారసత్వంపై చెల్లెలు వేసిన దావా. ఆస్తిలో దక్కని వాటాను ఆమె ఆదర్శంలో అడిగారు.

ఉత్తరాదిన కాంగ్రెస్ ఊడ్చుకుపోయింది. ఆమె మాట తెలుగు నేల దాకా రాలేదు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలుచుకుంది. మిగిలిన ఒక్కటి, నంద్యాల, జనతా పార్టీ తరఫున నెగ్గింది నీలం సంజీవరెడ్డి. కొన్ని నెలలకే రాష్ట్రపతి పదవికి విజయలక్ష్మి పేరు వినిపించింది. చివరికి సంజీవరెడ్డి పోటీ లేకుండా ఎన్నికయ్యారు. దేశానికి మహిళా రాష్ట్రపతి రావడానికి 2007లో ప్రతిభా పాటిల్ దాకా ఆగాల్సి వచ్చింది. విజయలక్ష్మి 1990 డిసెంబరు 1న డెహ్రాడూన్‌లో కన్నుమూశారు. ఆమె పేరు వినగానే నేటికీ చాలామంది నోట వచ్చే మొదటి మాట నెహ్రూ చెల్లెలనే.

ఇద్దరి జీవితాలూ కలిపి చూస్తే ఒకటి తేలుతుంది. అన్నలు వాళ్లను ప్రేమించలేదని ఎవరూ అనలేరు. జిన్నా చదివించారు, ఇల్లు రాశారు. నెహ్రూ జైళ్ల నుంచి చెల్లెలికి రాసిన ఉత్తరాలు పుస్తకాలుగా వచ్చాయి. ప్రేమకు లోటు లేదు. లోటు ఎక్కడంటే ప్రేమ హక్కుగా మారే చోట. ఒక మనిషి మంచితనం మీద ఆధారపడినంత కాలం చెల్లెలి బతుకు ఆ మనిషి ఆయుష్షంతే. ఆయన పోతే, ఆయన జైల్లో ఉంటే, సరిహద్దు మారితే, అంతా మళ్లీ మొదటికే. అందుకే కానుక ఒకటి, చట్టం మరొకటి.

ఈ తేడా తెలుగు వాళ్లకు కొత్త కాదు. నెహ్రూ ప్రభుత్వం 1956లో తెచ్చిన హిందూ వారసత్వ చట్టం వితంతువుకు, కూతురికి వాటా ఇచ్చింది గానీ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును కొడుకులకే ఉంచింది. తెర మీద చెల్లెలి కోసం కన్నీరు పెట్టిన ఎన్టీ రామారావే, రాజకీయాల్లోకి వచ్చి మహిళలను ఆడపడుచులని పిలిచి, ఆ పిలుపును చట్టంగా మార్చారు. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. 1985 సెప్టెంబరు 5కు ముందే పెళ్లయిన వారికి మాత్రం అది వర్తించలేదు. పెళ్లయితే పరాయిదే అన్న పాత భావన చట్టంలో అలా ఓ మూల మిగిలింది. 2005లో కేంద్ర సవరణ పెళ్లి అన్న అడ్డును తీసేసింది. ఆ తేదీకి తండ్రి జీవించి ఉండకపోయినా కూతురికి హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.

అయితే చట్టం పుస్తకంలో గెలిచినది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఓడిపోవచ్చు. హక్కు విడుదల దస్తావేజు అన్నది రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కుటుంబాలకు పరిచయమైన కాగితమే. తండ్రి పోయాక అన్నదమ్ములు పొలం పంచుకునే రోజున ఆడపిల్లను పుట్టింటికి పిలుస్తారు. భోజనం పెడతారు, చీర పెడతారు, సంతకం అడుగుతారు. చేస్తే బంగారు తల్లి. చేయనంటే పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయం. ఆస్తి అడిగిన చెల్లెలు ఆప్యాయత పోగొట్టుకోవాలన్న నియమం ఏ శాసనంలోనూ లేదు. అయినా అన్ని శాసనాల కన్నా గట్టిగా అమలవుతున్నది అదే. నిజంగా ఇష్టపడి వదులుకునే చెల్లెళ్లూ ఉంటారు. కాదనే వీలు ఉన్నప్పుడే అది ఇష్టమవుతుంది.

పోయిన చెల్లెలిని తలుచుకోవడానికి రాఖీలు, పాత ఫొటోలు, పాటలు చాలు అనుకుంటే ఎవరూ కాదనరు. కానీ ఆ జ్ఞాపకంలో మరో మూడు ప్రశ్నలకు చోటుండాలి. ఆమె ఎంతవరకు చదివింది, ఎక్కడ ఆపేసింది, ఎవరి కోసం? ఆమె పేరు మీద ఏముండేది? ఇంట్లో అందరూ ఒకటి అన్నప్పుడు ఆమె మరొకటి అన్నదా, అంటే ఎవరైనా విన్నారా? జవాబులు కొన్ని సంతోషపెడతాయి, కొన్ని తల దించుకునేలా చేస్తాయి. రెండూ ఆమె జీవితమే. ఫాతిమా, విజయలక్ష్మిల విషయంలో కనీసం చరిత్రకారులు ఈ ప్రశ్నలు అడిగారు. మిగతా చెల్లెళ్ల విషయంలో అడగాల్సింది వాళ్ల అన్నదమ్ములు, వాళ్ల పిల్లలు. చెల్లెలు బతికుండగానే అడిగితే జవాబు ఆమె నోటనే వినవచ్చు.